సుదీర్ఘ సెలవు తరువాత మళ్లీ ఉద్యోగంలోకి: టారో కార్డులు పరిస్తే 'టవర్' వచ్చింది

తూర్పుకిటికీ | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. శస్త్రచికిత్స, ఆ తరువాత కోలుకోవడం, మధ్యలో ఒకసారి మళ్లీ మంచాన పడటం, వీటన్నిటితో చాలా నెలలు సెలవులోనే గడిచిపోయాయి. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి పనిలో చేరవచ్చని వైద్యులు రాసిచ్చారు. ఒంట్లో బాగానే ఉంది. మనసే మొండికేస్తోంది. నేను చూసిన పని ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, మునుపటి వేగం వస్తుందా, రాకపోతే ఏమని చెప్పాలి, రాత్రిళ్లు ఇదే గొడవ.

నిన్న చాలా కాలం తరువాత టారో కార్డులు (జోస్యానికి వాడే 78 బొమ్మల కార్డుల కట్ట) బయటకు తీశాను. రైడర్-వెయిట్ డెక్. స్థానాలు నేనే పెట్టుకుని ఐదు కార్డులు పరిచాను.

సెలవు నాకు ఇచ్చింది: ఫోర్ ఆఫ్ సోర్డ్స్
నాతో తీసుకెళ్లవలసింది: పేజ్ ఆఫ్ పెంటకిల్స్
వదిలేసి వెళ్లవలసింది: టెన్ ఆఫ్ వాండ్స్
అక్కడ నా కోసం ఎదురుచూస్తున్నది: టవర్
సలహా: టూ ఆఫ్ పెంటకిల్స్, తలకిందులుగా

నాలుగోది తిప్పగానే నీరుగారిపోయాను. పిడుగు పడి కిరీటం ఎగిరిపోతున్న బురుజు, మంటలు, తలకిందులుగా పడిపోతున్న ఇద్దరు మనుషులు. సెలవు పొడిగించమని అడగాలా అని కూడా ఆలోచన వచ్చింది. మీరైతే ఈ వరసను ఎలా చదువుతారు? జోస్యం చెప్పమని అడగడం లేదు. (కొంచెం అడుగుతున్నానేమో కూడా.)

---

వానచినుకు | సోమవారం, ఉదయం 8:15

ముందు మీరు కోలుకున్నందుకు చాలా సంతోషం అక్కా. టవర్ అంటే అందరూ హడలిపోతారు గానీ, అది కూల్చేది ఎప్పుడో బలహీనపడిన కట్టడాన్నే అని నేను నమ్ముతాను. మీ ఆఫీసులో ఏదో పెద్ద మార్పు జరిగి ఉంటుంది. మీరు చేరకముందే అది జరిగిపోవడం ఒక విధంగా మేలే. ఆ కార్డు మీద ఇంకొకటి తీసి పెట్టి చూడండి, స్పష్టత వస్తుంది.

---

సందేహాలరావు | సోమవారం, ఉదయం 9:02

ఈ విభాగంలోకి నేను ఎందుకు వస్తానో నాకే తెలియదు. అయినా వచ్చాను కాబట్టి చెబుతాను. 78 కార్డుల కట్టలో ఏదో ఒక కార్డు నాలుగో స్థానంలో పడాలి, టవర్ పడింది. దానికీ మీ ఆఫీసుకూ సంబంధం లేదు. "ఏదో పెద్ద మార్పు జరిగి ఉంటుంది" అనే మాట నెలల తరబడి సెలవులో ఉన్న ఎవరికి చెప్పినా నిజమవుతుంది.

1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితాలంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే రాత, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకం నుంచి తీసుకున్నవి. ఇక్కడ జరిగేదీ అదే.

వైద్యులు వెళ్లమన్నారు కదా, వెళ్లండి.

---

అర్ధవిరామం | సోమవారం, ఉదయం 11:30

సందేహాలరావు గారి మాటలో సగం నాకు సమ్మతమే. చాలా ఏళ్లుగా టారో చదువుతున్నాను, అయినా ఆ కార్డు మీ ఆఫీసు లోపలికి తొంగిచూసి వచ్చిందని నేను అనను. తూర్పుకిటికీ గారూ, నన్ను ఆపింది టవర్ కాదు, మీరు ఆ స్థానానికి పెట్టిన పేరు. "అక్కడ నా కోసం ఎదురుచూస్తున్నది" అన్నారు. ఆ ప్రశ్నకు ఏ కార్డు వచ్చినా మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. సూర్యుడి కార్డు వస్తే ఊరట, బురుజు వస్తే గుబులు. రెండింటిలోనూ మీరు వేచి చూసే మనిషే.

మిగతా నాలుగు స్థానాలు అలా లేవు. అవి మీ చేతిలో ఉన్నవాటి గురించి అడుగుతున్నాయి. అందుకే వాటి మీద మీకు భయం కలగలేదు, వాటి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. భయపెట్టిన ఒక్కదాని కోసం పనికొచ్చే నాలుగింటినీ పక్కన పెట్టేశారు.

నేనైతే ఇలా చేస్తాను. ఒక్కో బొమ్మ ముందు కూర్చుని, పుస్తకంలో అర్థం చూడకుండా, కనిపిస్తున్నది కనిపిస్తున్నట్టు రాస్తాను. ఉదాహరణకు మీ మూడో కార్డు. ఒక మనిషి పది కర్రలు మోస్తున్నాడు. బరువు కంటే విచిత్రం, అతడు వాటిని పట్టుకున్న తీరు. మొహం కర్రల్లో కూరుకుపోయింది, ఎదురుగా ఇల్లు ఉన్నా అతడికి కనిపించదు. ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి: సెలవుకు ముందు నేను మోసినవాటిలో నా పని కానిది ఏది? ఎవరూ మోయమనకుండానే ఎత్తుకున్నది ఏది? పేర్లతో సహా రాయండి. "ఒత్తిడి తగ్గించుకోవాలి" అని రాస్తే లాభం లేదు. "ఫలానా నెలవారీ నివేదిక ఇక నాది కాదని మొదటి వారంలోనే చెబుతాను" అని రాస్తే అది ఒక పని.

మొదటి కార్డు ఇంకా బాగుంది. సమాధి మీద చేతులు జోడించి పడుకున్న యోధుడి శిల్పం. మూడు కత్తులు గోడ మీద ఉన్నాయి, ఒకటి అతడి కిందనే ఉంది. విశ్రాంతిలో కూడా ఒక కత్తి దగ్గరే పెట్టుకున్నాడు. సెలవంతా మీరు ఒక్క రోజైనా నిజంగా విశ్రాంతి తీసుకున్నారా, లేక పడుకునే ఆఫీసు గురించి లెక్కలు వేశారా? జవాబు ఇక్కడ రాయనక్కర్లేదు.

వానచినుకు గారు ఏమీ అనుకోవద్దు, టవర్ మీద మరో కార్డు మాత్రం తీయవద్దు. అది నచ్చకపోతే దాని మీద ఇంకొకటి తీస్తారు.

---

పాతముక్కల పెట్టె | సోమవారం, మధ్యాహ్నం 1:10

చదవడం నాకు రాదు, సేకరించడమే నా పిచ్చి. అయినా టవర్ పేరు వినగానే ఊరుకోలేకపోయాను.

టారో పుట్టింది 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో, పేకాటగా. తురుపు ముక్కలతో ఆడే ఆట. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఆడతారు. జోస్యం దానికి అంటుకున్నది మూడు వందల ఏళ్ల తరువాత. 1781లో ఆంట్వాన్ కూర్ ద జెబలాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ ఛేదించింది 1822లో. అంటే చదవలేని లిపిలో ఏముందో ముందే చెప్పేశాడన్నమాట. కార్డు తలకిందులుగా పడితే అర్థం మారుతుందనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఎత్తెయ్యా అనే మరో ఫ్రెంచివాడు, అదే శతాబ్దం చివర్లో. కాబట్టి మీ ఐదో కార్డు తలకిందులైందని మథనపడకండి, చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు.

ఇంకో సంగతి. మిలాన్ ప్రభువుల కోసం సుమారు 1450లో చేతితో చిత్రించిన విస్కాంతీ-స్ఫోర్జా కట్టలో ఇప్పుడు 74 ముక్కలే మిగిలాయి. న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో 35, బెర్గామోలోని అకాదేమియా కరారాలో 26, మిగతా 13 ఒక కుటుంబం దగ్గర. కనిపించకుండా పోయిన నాలుగింటిలో డెవిల్ ఒకటి, టవర్ ఒకటి. ఆ కట్టతో పరిచి ఉంటే మీకు ఈ బాధే ఉండేది కాదు!

మీ చేతిలో ఉన్న డెక్ 1909లో లండన్‌లో రైడర్ సంస్థ ప్రచురించింది. బొమ్మలన్నీ గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. పేరు మాత్రం ప్రచురణకర్తకూ, గీయించిన వెయిట్‌కూ దక్కింది. ఇంత పనికి వచ్చిన డబ్బు చాలా తక్కువని ఆమె ఒక ఉత్తరంలో రాసుకుంది. ఉద్యోగం గురించి ఆ డెక్‌ను ఏదైనా అడగాలంటే ముందు ఆమెనే అడగాలి.

---

ఆకుపచ్చదారం | సోమవారం, సాయంత్రం 6:25

ఉద్యోగుల ఆరోగ్య విభాగంలో పనిచేస్తాను. సెలవు నుంచి తిరిగివచ్చే వాళ్లతో మాట్లాడటమే రోజూ నా పని. కార్డుల గురించి నాకు అభిప్రాయం లేదు, తిరిగి రావడం గురించి ఉంది.

మొట్టమొదటిది: చేరాలా వద్దా, ఎన్ని గంటలు పనిచేయాలి, మందులు ఏ వేళకు, ఈ ప్రశ్నలు కార్డులను అడగకండి. అవి మీకూ, మీ వైద్యుడికీ, మీ ఆఫీసుకూ మధ్య తేలవలసినవి. టవర్ చూసి సెలవు పొడిగించాలనిపించిందని రాశారు. ఒంట్లో బాగోక పొడిగిస్తే ఎవరూ కాదనరు. బొమ్మ చూసి పొడిగిస్తే, ఆ అదనపు రోజులు కూడా అదే గుబులుతో గడుస్తాయి, తరువాత గడప దాటడం ఇంకా కష్టమవుతుంది.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్ద విషయాలకు సిద్ధపడి వస్తారు, చిన్న విషయాల దగ్గర తడబడతారు. పాస్‌వర్డుల గడువు ముగిసి ఉంటుంది. కూర్చునే చోటు మారి ఉంటుంది. లిఫ్టులో ఎవరో "ఏమైంది మీకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉంచుకోండి. ఒకే వాక్యం చాలు: "ఆరోగ్యం బాగోలేక సెలవు పెట్టాను, ఇప్పుడు బాగున్నాను, అడిగినందుకు సంతోషం." వివరాలు ఎవరికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. అద్దం ముందు రెండుసార్లు పైకి అనండి, నోరు అలవాటుపడుతుంది.

తరువాత, పని దశలవారీగా పెంచుకునే వీలు ఉందా అని చేరకముందే అడగండి, రాతపూర్వకంగా అడగండి. మొదట తక్కువ గంటలు, ఆపైన కొంచెం కొంచెంగా. చేరిన రోజున అడగడం వేరు, ముందే అడగడం వేరు. ముందే అడిగితే మేనేజర్ పని పంపకం చేసుకోగలరు. చేరిన తరువాత అడిగితే అప్పటికే మీ పేరు మీద పని పడి ఉంటుంది.

నిద్ర లేచే వేళను ఈ వారం నుంచే ఆఫీసు వేళకు జరపండి. ఆ పొద్దున ఒక్కసారిగా మార్చితే మొదటి వారమంతా మత్తుగానే ఉంటుంది.

---

తూర్పుకిటికీ | సోమవారం, రాత్రి 9:50

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అర్ధవిరామం గారు చెప్పినట్టు టెన్ ఆఫ్ వాండ్స్ ముందు కూర్చున్నాను. జాబితా పెద్దదే అయింది. అందులో ఇద్దరు సహోద్యోగుల పని కూడా ఉంది. వాళ్లు అడగకముందే నేను తీసుకున్నది.

ఒక విషయం ఇంతకుముందు రాయలేదు. సెలవులో ఉండగా ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. శీర్షికలో "విభాగాల పునర్వ్యవస్థీకరణ" అని ఉంది. అప్పటి నా పరిస్థితిలో తెరవలేదు, ఆ తరువాత తెరవబుద్ధి కాలేదు. ఇంకా అలాగే ఉంది. టవర్ తిప్పగానే నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ మెయిలే.

---

వానచినుకు | సోమవారం, రాత్రి 9:58

చూశారా!

---

సందేహాలరావు | సోమవారం, రాత్రి 10:20

ఏమి చూడాలి? మెయిల్ ముందే వచ్చింది, అది ఉందని ఆవిడకు ముందే తెలుసు. తెలిసిన సంగతిని కార్డు చెప్పిందని కార్డుకు మార్కులు వేస్తే ఎలా?

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. నాలుగో స్థానంలో టవర్ బదులు వేరే కార్డు పడిందనుకుని ఏమి రాసేవారో రాయండి. ఎయిట్ ఆఫ్ కప్స్ అనుకోండి, కప్పులు వదిలేసి వెళ్లిపోతున్న మనిషి: "నా జట్టు నన్ను వదిలేసింది." త్రీ ఆఫ్ సోర్డ్స్, కత్తులు దిగిన గుండె: "చెడు వార్త." చివరికి సన్ పడినా "అంతా వెలుగులోకి వస్తుంది, అంటే మెయిల్‌లో ఉన్నది తెలుస్తుంది" అనేవారు. కార్డులు చూడకుండానే ఇవన్నీ నేను రాయగలిగాను. ఏ దారిన వెళ్లినా ఆ మెయిల్ దగ్గరకే వెళ్తారు, ఎందుకంటే అది మీ తలలో ఉంది, డెక్‌లో లేదు.

---

అర్ధవిరామం | సోమవారం, రాత్రి 10:41

ఈ పరీక్ష బాగుంది, నేను నేర్చుకునేవాళ్లకు ఇస్తాను కూడా. ఏ కార్డు వేసినా ఒకే చోటికి చేరుతుంటే ఆ చోటే అసలు సంగతి. దాన్ని కార్డుల ఓటమి అని మీరు అంటున్నారు, నేను వాటి ఉపయోగం అంటున్నాను. మన తగవు ఇంతే.

తూర్పుకిటికీ గారూ, మెయిల్ తెరవండి. ఇప్పుడు వద్దు, రాత్రిపూట వద్దు. పొద్దున, ఎవరైనా పక్కన ఉన్నప్పుడు.

---

నడిరేయి | మంగళవారం, వేకువ 2:15

నా కథ వేరే, నేను సెలవు పెట్టింది నా జబ్బు వల్ల కాదు. మా అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మధ్యలో ఆపాను, ఆమె పోయాక తిరిగి వెళ్లాను. అప్పుడు నేను కూడా కార్డులు పరిచాను. నమ్మకంతో కాదు, ఎవరితోనూ మాట్లాడలేక.

నాకూ టెన్ ఆఫ్ వాండ్సే వచ్చింది. పుస్తకం "భారం" అంది. అది నాకు పుస్తకం చెప్పాలా? కానీ బొమ్మను చూస్తుంటే అతడు నడుస్తున్నాడన్న సంగతి పట్టుకుంది. దించడానికి ఆగడం లేదు, చేరుకోవడానికి నడుస్తున్నాడు. ఇంటి పని కూడా ఆఫీసు పని లాగే చేస్తూ వచ్చానని, అలాగే చేస్తూ దుఃఖాన్ని దాటవేస్తున్నానని అప్పుడు తోచింది. ఆఫీసుకు వెళ్లగానే ఎక్కువ పని అడగాలని, అందులో మునిగిపోవాలని నా పథకం. ఆ పథకాన్ని ఆ రాత్రి రద్దు చేసుకున్నాను.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు కార్డుల ఊసు ఎత్తలేదు, ఎత్తవద్దు కూడా. రాసుకున్న వాక్యాలే చెప్పాను: "ఈ రెండు బాధ్యతలు ప్రస్తుతం తీసుకోలేను. ఇవి చేయగలను. కొన్ని వారాల తరువాత మళ్లీ కూర్చుందాం." ఆయన అభ్యంతరం పెట్టలేదు. నా ముందు ఒక కాగితం ఉంది, దాని మీద నా చేతిరాతలో మూడు వాక్యాలు ఉన్నాయి. అది లేకపోతే "పర్వాలేదు, చూసుకుంటాను" అని లేచి వచ్చేదాన్ని. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

కొన్ని రోజులు మాత్రం ఏ కాగితమూ పనిచేయలేదు. ఎవరో ఫోనులో వాళ్ల అమ్మతో మాట్లాడుతుంటే లేచి బయటకు వెళ్లిపోయాను. దానికి ఏ సన్నాహమూ లేదు.

---

తూర్పుకిటికీ | మంగళవారం, ఉదయం 7:05

నడిరేయి గారూ, మీ అమ్మగారి గురించి చదివి మనసు కలతపడింది. రాసినందుకు కృతజ్ఞతలు. "పర్వాలేదు, చూసుకుంటాను" నా నోట్లో కూడా ఉంది.

---

గళ్లనోటుబుక్కు | మంగళవారం, ఉదయం 10:12

ఒక హెచ్చరిక, కొంచెం కటువుగానే చెబుతాను. చేరబోయే ముందు ఈ రోజుల్లో మీకు రోజూ కార్డు తీయాలనిపిస్తుంది. పొద్దున ఒకటి, నచ్చకపోతే ఇంకొకటి, ఆఫీసు నుంచి ఫోను వస్తే ఒకటి. నా స్నేహితురాలు ఒకరు బస్సులో ఫోను మీద కార్డుల యాప్ నొక్కుతూ ఆఫీసుకు వెళ్లేది. మంచి కార్డు వచ్చేదాకా దిగేది కాదు. భరోసా కోసం పదేపదే అడగడం ఆందోళనను తగ్గించదు, పెంచి పోషిస్తుంది. అడిగినప్పుడు కాస్త ఊరట, వెంటనే మళ్లీ అనుమానం. ఒకసారి పరిచారు కదా, దాన్ని ఫోటో తీసి డెక్‌ను పెట్టెలో పెట్టేయండి. చేరేదాకా ఆ ఐదు కార్డులే మీవి.

ఇంకొకటి. కొత్త మేనేజర్ నా గురించి ఏమనుకుంటున్నారు, ఫలానావారు నా స్థానం కోరుకుంటున్నారా, ఇలాంటివి అడగవద్దు. అవతలి మనిషి ఎదురుగా లేరు, తన మాట చెప్పుకోలేరు. మీ భయానికి వాళ్ల మొహం తొడిగి, ఆ మొహాన్నే మనసులో పెట్టుకుని వాళ్లను కలుస్తారు. పలకరించకముందే ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఇది టారోలో అన్నిటికంటే చెడ్డ అలవాటు అని నా అభిప్రాయం.

డబ్బు తీసుకుని చదివేవాళ్ల దగ్గరకు వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ "మీ మీద ఏదో దోషం ఉంది, తీయడానికి ఇంకొంత అవుతుంది" అనే మాట వినగానే లేచి వచ్చేయండి.

---

వానచినుకు | మంగళవారం, మధ్యాహ్నం 12:30

అందరూ కార్డులను ప్రశ్నల కాగితాల స్థాయికి దించేస్తున్నారు, నాకు అది ఒప్పుదల కాదు. నేను కార్డు తీసే ముందు దణ్ణం పెట్టుకుంటాను. అందులో ఒక తోడు ఉందని నమ్ముతాను. ఆ తోడు లేకపోతే ఉద్యోగం మారిన రోజుల్లో నేను నిలబడేదాన్ని కాదు. ఫోరర్ విద్యార్థుల సంగతి నాకు తెలియదు, నా సంగతి నాకు తెలుసు.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. భయపడుతున్న మనిషికి "ఇంకో కార్డు తీయండి" అనడం కంటే "మెయిల్ తెరవండి" అనడం మంచి సలహా.

---

సందేహాలరావు | మంగళవారం, మధ్యాహ్నం 12:52

తోడు గురించి వాదించను. దానికి నా దగ్గర పరీక్ష లేదు.

కానీ ప్రశ్నల కాగితం అంటే గుర్తొచ్చింది. పీటర్ గోల్‌విట్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసం ఒకటి ఉంది. "పని చేస్తాను" అని సంకల్పించుకోవడం కంటే "ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకుంటే ఆచరణ బాగా మెరుగుపడుతుందన్నది దాని సారం. అర్ధవిరామం గారు టెన్ ఆఫ్ వాండ్స్‌తో చేయించింది దాదాపు అదే. తూర్పుకిటికీ గారు ఒక్కో కార్డు కింద "ఇలా జరిగితే, ఇలా చేస్తాను" అని ఒక వాక్యం రాస్తే నాకు అభ్యంతరం లేదు. కార్డుల బదులు పాచికలు వేసి ప్రశ్నలు ఎంచుకున్నా ఇంతే పనిచేస్తుందని మాత్రం నమోదు చేసుకోండి.

---

పాతముక్కల పెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 1:03

పాచికల మీద అంత మంచి బొమ్మలు ఉండవండీ.

---

తూర్పుకిటికీ | గురువారం, సాయంత్రం 5:30

మెయిల్ తెరిచాను. మా విభాగాన్ని రెండుగా చీల్చారు. నా పాత మేనేజర్ ఇంకో వైపు వెళ్లారు, నాకు కొత్తవారు. నా పదవి పేరు మారలేదు. చివర్లో నా పేరుతో ఒక వాక్యం ఉంది: తిరిగి వచ్చాక ఏ బాధ్యతలు కావాలో మాట్లాడి నిర్ణయిద్దామని. నెలల తరబడి నేను తెరవని మెయిల్‌లో నన్ను అడిగిన ప్రశ్న ఉంది. కొత్త మేనేజర్‌కు జవాబు రాశాను, దశలవారీగా పని పెంచుకోవడం గురించి కూడా అడిగాను.

మీరందరూ చెప్పినవి కలిపి ఇలా రాసుకున్నాను.

ఫోర్ ఆఫ్ సోర్డ్స్: మధ్యాహ్నం అలసట వస్తే, బల్ల దగ్గరే కూర్చుని ఓర్చుకోను, లేచి కాసేపు బయట నడుస్తాను. ఫోను బల్ల మీదే ఉంటుంది. (కింద ఉన్న నాలుగో కత్తి ఫోనే.)

పేజ్ ఆఫ్ పెంటకిల్స్: ఈ బొమ్మలో కుర్రవాడు చేతిలోని నాణేన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ అర్థం కాకపోతే, తెలిసినట్టు నటించను, మొదటి రోజే ఒకరిని చూపించమని అడుగుతాను. సీనియర్‌ని కదా అని సిగ్గుపడను.

టెన్ ఆఫ్ వాండ్స్: పాత నివేదికలు ఎవరైనా నా దగ్గరకు తెస్తే, "ఇప్పుడు ఇది ఎవరు చూస్తున్నారో కనుక్కుందాం" అంటాను. "పర్వాలేదు" అనను.

టూ ఆఫ్ పెంటకిల్స్: తలకిందులు సంగతి వదిలేశాను. రెండు నాణేలు ఆడిస్తున్న మనిషి వెనక అలల మీద ఓడలు ఎగిరెగిరి పడుతున్నాయి, అతడి చూపు మాత్రం చేతుల మీదే ఉంది. మొదటి వారంలో రెండు పనులే: పాత ఫైళ్లు చదవడం, కొత్త జట్టును కలవడం. మూడోది వస్తే రాసుకుంటాను, మొదలుపెట్టను.

టవర్ కింద ఏమీ రాయలేదు. ఆ స్థానం పేరు మార్చి "నేను తెరవకుండా ఉంచింది" అని పెట్టాను.

---

అర్ధవిరామం | గురువారం, సాయంత్రం 6:02

కొత్త పేరు బాగుంది, నేను వాడుకుంటాను. పేజ్ గురించి మీరు రాసింది నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ కార్డును చదువు, జీతం, కొత్త అవకాశం అంటూ చదివేస్తాం గానీ, అనుభవం ఉన్న మనిషి మళ్లీ నేర్చుకునేవాడిగా నిలబడటం ఎంత కష్టమో అందులో ఎవరూ చూడరు.

---

ఆకుపచ్చదారం | గురువారం, రాత్రి 8:15

చాలా మంచి ప్రణాళిక. ఒక చేర్పు: సాయంత్రాలను కూడా లెక్కలోకి తీసుకోండి. మొదటి వారాల్లో జనం ఆఫీసులో బాగానే నెట్టుకొస్తారు, ఇంటికి రాగానే కూలబడతారు. ఆ వారం సాయంత్రాలకు ఎవరికీ మాట ఇవ్వకండి.

---

తూర్పుకిటికీ | శనివారం, ఉదయం 9:20

చేరి మొదటి వారం ముగిసింది, ఎవరైనా అడుగుతారేమోనని రాస్తున్నాను. ప్రస్తుతానికి తక్కువ గంటలకు ఒప్పుకున్నారు. లిఫ్టు ప్రశ్న నిజంగానే లిఫ్టులోనే ఎదురైంది, జవాబు వచ్చేసింది. పాస్‌వర్డు సంగతి కూడా నిజమే, సగం పొద్దు దానికే పోయింది.

టెన్ ఆఫ్ వాండ్స్ వాక్యం రెండుసార్లు పనిచేసింది, ఒకసారి పనిచేయలేదు. అడిగినావిడ మంచి మనిషి, చిన్న పనే, ఒప్పేసుకున్నాను. ఫరవాలేదు, అది నిజంగానే చిన్న పని.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. నేను లేనప్పుడు నా పని చూసుకున్న అబ్బాయి దాన్ని నాకంటే బాగా చేస్తున్నాడు. దీనికి ఏ కార్డు కిందా వాక్యం లేదు. ఒక పూట చాలా బాధపడ్డాను, రెండో రోజు అతడి పద్ధతి చూపించమని అడిగాను. పేజ్ కార్డు గుర్తొచ్చి అడిగానా, వేరే దారి లేక అడిగానా, నాకు తెలియదు.

---

సందేహాలరావు | శనివారం, ఉదయం 10:05

సంతోషం. ఒక్క ప్రశ్న, వెటకారం కాదు. కార్డులు లేకుండా ఆ మెయిల్ తెరిచేవారా?

---

తూర్పుకిటికీ | శనివారం, ఉదయం 10:30

తెరిచేదాన్నే అనుకుంటాను. చేరిన రోజున, అందరి ముందు, బల్ల దగ్గర కూర్చుని.

---

నడిరేయి | శనివారం, ఉదయం 11:48

ఆ అబ్బాయి సంగతి ఇంకా రాయండి. నా విషయంలో అది చాలా కాలం సాగింది. మీ మేనేజర్‌తో కూర్చుని ఆ పని ఇకపై ఎవరిదన్నది తేల్చుకున్నారా?

---

తూర్పుకిటికీ | శనివారం, మధ్యాహ్నం 12:10

ఇంకా లేదు. బుధవారం మాట్లాడాలి. అతడి దగ్గరే ఉంచమని అడగబోతున్నాను, నేను కొత్త విభాగం వైపు చూస్తాను. మూడు వాక్యాలు రాశాను, రెండోది ఇంకా సరిగ్గా కుదరలేదు. సాయంత్రం ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.